నానమ్మ కళ్ళజోడుతో తీసిన సీతాకోకచిలుక

మొన్న కార్తీకమాసంలో మా కాలనీ ఆడవాళ్ళతో కలిసి అరకు వైపు వనభోజనాలకి వెళ్ళాను. చిన్నప్పుడు మేమున్న ఊరు ఆ దారిలోనే తగులుతుంది. మిగతావాళ్ళు వంటల దగ్గర కూర్చుంటే నేను మెల్లగా ఊరి వెనకున్న గడ్డికొండ మీదికి నడిచాను. పైదాకా వెళ్ళలేదు, మోకాళ్ళు ఒప్పుకోలేదు. సగం వాలులో ఒక అమ్మాయి గడ్డిలో బోర్లా పడుకుని ఫోనుతో దేన్నో ఫొటో తీస్తోంది. నేను అడుగు తీసి అడుగు వేయకుండా అక్కడే ఆగిపోయాను. అలాంటప్పుడు ఆగాలని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కాసేపటికి ఆమె లేచి, మోచేతుల మట్టి దులుపుకుని, చూస్తారా ఆంటీ అంటూ ఫోను నా ముందు పెట్టింది. నల్లటి రెక్కలు, వాటి మీద చందమామల్లాంటి తెల్లటి మచ్చలు, మచ్చల అంచున ఊదా మెరుపు. ఆమె తెర మీద వేలు ఆనించగానే దాని ఇంగ్లీషు పేరు, కింద లాటిన్ పేరు, అది మగదన్న సంగతి, అన్నీ వచ్చేశాయి. ఆ పేరు మా ఇంటికి చేరడానికి వానాకాలం చివరి రోజులూ, ఆపైన చలికాలం చాలావరకూ పట్టింది. దీని ఆడది ఇలా ఉండదు తెలుసా అన్నాను. ఆమెకి తెలుసు. తెలిసినందుకు నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. ఆ మాట మీద మేమిద్దరం చాలాసేపు గడ్డిలో కూర్చుని కబుర్లు చెప్పుకున్నాం. కింద పులిహోర చల్లారిపోయిందని మా వాళ్ళు నన్ను తిట్టారు.

మా నాన్న కాఫీ తోటల విభాగంలో ఫీల్డు సూపర్వైజరుగా ఉండేవాడు. మాకిచ్చిన క్వార్టరు ఊరి చివర, రెండు గదుల పెంకుటిల్లు. వెనక వంటపాక, ఆ వెనక కాస్త పెరడు, పెరటి కంచె దాటితే గడ్డికొండ. పెద్ద చెట్టంటూ లేని బోడికొండ అది. వానలు వెనకపట్టాక గడ్డి నా నడుము దాకా పెరిగేది. గాలికి ఆ వాలంతా ఒక్కసారి ఒక పక్కకి వొరిగి మళ్ళీ లేచేది. కొండ అడుగున వలిసె చేలు పసుపు కలిపినట్టు పూసేవి. నాన్న మంచు విడవక ముందే కంబళి కప్పుకుని తోటలకి వెళ్ళిపోయేవాడు. ఇంట్లో ఎప్పుడూ మూడు వాసనలు కలిసి ఉండేవి: తడికట్టెల పొగ, ఆరని దుప్పట్లు, కాఫీ పళ్ళు వొలిచే రోజుల్లో పులిసిన తొక్కు. ఆ తొక్కు వాసన నానమ్మకి గిట్టేది కాదు. అమ్మకి ఇష్టం. వాళ్ళిద్దరికీ ఏ విషయంలోనూ కుదరదన్నది నాకు అర్థమైన మొదటి గుర్తు అదే.

నానమ్మ చీపురుపల్లి దగ్గర మెట్ట పల్లెలో పుట్టి, అక్కడే వ్యవసాయం చేసి, తాతయ్య పోయాక మా దగ్గరికి వచ్చింది. చలి అంటే భయం. పొద్దెక్కేదాకా పొయ్యి దగ్గర నుంచి కదిలేది కాదు. అడ్డపొగ తాగేది, అంటే చుట్ట వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. మా వైపు పెద్దాడవాళ్ళలో చాలామందికి అలవాటే గానీ, నానమ్మ నోట్లో చుట్ట ఉండగానే మాట్లాడగలిగేది, తిట్టగలిగేది. ఆవిడకున్న ఖరీదైన వస్తువు కళ్ళజోడు ఒక్కటే. విజయనగరంలో చేయించిన నల్ల ఫ్రేముది, చత్వారానికి. దానికి రెండు వైపులా దారం కట్టి మెళ్ళో వేసుకునేది. బియ్యంలో రాళ్ళు ఏరాలన్నా, పాత చీరలతో బొంత కుట్టాలన్నా అదే. పని అవగానే కొంగుతో తుడిచి రవికెలో దోపుకునేది. దాన్ని ముట్టుకుంటే నా చెయ్యి ఎర్రబడేది.

నేను మూడో నాలుగో తరగతిలో ఉండగా అమ్మ పురిటికి పుట్టింటికి వెళ్ళింది. మగపిల్లాడు పుట్టాడు. కొద్ది రోజులే ఉన్నాడు. అమ్మ ఉత్త చేతులతో తిరిగి వచ్చింది. ఏడవలేదు. పొయ్యి అలికింది, చోడంబలి కాచింది, నాకు జడలు వేసింది, నాన్నకి క్యారేజీ కట్టింది. అన్నీ మునుపటిలాగే చేసేది, మాట మాత్రం పోయింది. అడిగినదానికి ఊ, ఆఁ. సాయంత్రాలు పెరటి గుమ్మంలో కూర్చుని కొండకేసి చూసేది, కానీ కొండని చూస్తున్నట్టు ఉండేది కాదు. నానమ్మకి అది నచ్చలేదు. పిల్లలు పోవడం లోకంలో లేనిది కాదనీ, నాలుగు రోజులు ఏడ్చి లేవాలి గానీ ఇలా బిగుసుకుపోతే ఇల్లేం కావాలనీ పక్కింటివాళ్ళతో అంది. అమ్మ గోడకి ఇవతలే ఉంది. ఆ తర్వాత అమ్మ నానమ్మకి కంచం పెట్టేటప్పుడు కూడా ముఖం చూసేది కాదు.

అమ్మ తమ్ముడు, మా చిన్న మావయ్య, విజయనగరంలో ఒక ఫొటో స్టూడియోలో పనిచేసేవాడు. దసరా సెలవలకి ముందు కిరండూల్ పాసింజరు ఎక్కి మమ్మల్ని చూడడానికి వచ్చాడు. స్టూడియోలో ఎవరూ వాడని పాత డబ్బా కెమెరా ఒకటి, రెండు రీళ్ళు తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. ఏం తియ్యాలని అమ్మ అడగలేదు. "ఏదో ఒకటి తియ్యప్పా. బాగులేకపోతే పారేద్దాం," అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. అమ్మ దాన్ని ఉప్పు జాడీ పక్కన అటక మీద పెట్టేసింది. మావయ్య రైలెక్కేటప్పుడు కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

కదలిక కెమెరాతో రాలేదు, కూరతో వచ్చింది. మా పెరట్లో వానలకి గంగపాయల కూర దట్టంగా అల్లుకునేది. పుల్లగా, జిగురుగా, పప్పులో వేస్తే బాగుంటుంది. ఒక పొద్దున అమ్మ ఆ ఆకు కోస్తుంటే ముళ్ళు ముళ్ళుగా ఉన్న నల్లటి గొంగళి పురుగులు కనపడ్డాయి. నానమ్మ బూడిద చల్లమంది. అమ్మ చల్లలేదు. ఎందుకో తనకే తెలీదని తర్వాత చెప్పింది. వాటిని ఆకుతో సహా ఒక గాజు సీసాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టింది. రోజూ తాజా ఆకు వేసేది. నేను బడి నుంచి వచ్చేసరికి సీసా ముందు కూర్చుని ఉండేది. పురుగులు గుడ్డకి తలకిందులుగా వేలాడి గూళ్ళయ్యాయి. తర్వాత ఒక ఉదయం ఒక గూడు పగిలి ఎర్రమట్టి రంగు రెక్కల సీతాకోకచిలుక వచ్చింది, కొసలు నలుపు, ఆ నలుపులో తెల్లటి పట్టీ. అది మాకు కొత్త కాదు, జిల్లేడు మొక్కల చుట్టూ రోజూ తిరిగేదే అనుకున్నాం. కానీ ఆ మర్నాడు ఇంకో గూట్లోంచి వచ్చింది పూర్తిగా నల్లది, తెల్లటి చందమామలతో.

అమ్మ సీసా పట్టుకుని వంటపాకలోకి వచ్చింది. "అత్తా, ఇలా సూడు. రెండూ ఒక్క ఆకు తిన్నవే, ఒక్క సీసాలోవే. ఇదేటిలా ఉంది?" అంది. బిడ్డ పోయాక నానమ్మతో అమ్మ అన్న మొదటి పూర్తి మాట అది. నానమ్మ కళ్ళజోడు పెట్టుకుని, సీసా వెలుతురుకి తిప్పి తిప్పి చూసింది. "కోడిపుంజూ పెట్టా ఒక్కలాగుంటాయేటి?" అని సీసా తిరిగి ఇచ్చేసి మళ్ళీ బియ్యం ఏరుకోసాగింది. తన కోడలు మాట్లాడిందని ఆవిడకి తట్టినట్టే లేదు. కానీ చాటలో రాళ్ళు అలాగే ఉన్నాయి, చేతులు ఊరికే కదులుతున్నాయి.

అమ్మ ఆ రెంటినీ పెరట్లో వదిలింది. ఆ రోజు సాయంత్రమే అటక మీది కెమెరా దించింది. సీసాలో చూసింది బయట కూడా నిజమా కాదా, జిల్లేడు దగ్గర తిరిగేదీ గంగపాయలలో పుట్టిందీ ఒకటేనా కాదా అన్నది ఆవిడకి తేల్చుకోవాలనిపించింది. నన్ను బడికి పంపి, వంట ముగించి, గడ్డికొండ ఎక్కేది. ఆదివారాలు నేనూ వెంటపడేదాన్ని. మంచు తడి ఆరేదాకా సీతాకోకచిలుకలు గడ్డిపరకల మీద రెక్కలు ముడుచుకుని ఉంటాయనీ, ఎండ పడగానే రెక్కలు పరిచి కాచుకుంటాయనీ, మన నీడ వాటి మీద పడితే ఎగిరిపోతాయనీ మాకు తెలిసింది. చిటికెన గోరంత నీలిరంగువి గడ్డి మొదట్లో ఉండేవి, వాటి కోసం పొట్ట మీద పాకాలి. పచ్చవి ఆగేవే కావు. మా దగ్గర పుస్తకం లేదు, పేర్లు తెలియవు. మా వైపు కోడళ్ళని పుట్టినూరి పేరుతో పిలిచినట్టు, అమ్మ వాటిని తినే ఆకు పేరుతో పిలిచేది. జిల్లేడుది, గంగపాయలది, కరివేపాకుది. జిల్లేడుదాని వెనక రెక్క మధ్యలో మూడు నాలుగు నల్లచుక్కలు ఉంటాయనీ, గంగపాయల ఆడదానికి రెక్క పైఅంచున ఒక్కటే ఉంటుందనీ కనిపెట్టిన రోజు అమ్మ కొండ మీంచి దాదాపు పరుగెత్తుకుంటూ దిగింది. అవి రెండూ వేరు.

మొదటి రీలు మావయ్యకి పంపించాం. బొమ్మలు కడిగి తెచ్చాడు. అన్నింట్లోనూ గడ్డి. ఒకదాంట్లో గడ్డి, మూల నా చెప్పు. సీతాకోకచిలుక ఎక్కడుందో చూపించమంటే అమ్మ వేలు పెట్టి చూపించింది, అక్కడ దుమ్ము కణంలాంటి మసక ఉంది. నానమ్మ వెక్కిరించింది. ఈ మాత్రానికి కోడలు పిల్ల కొండలంట తిరుగుతోందని క్వార్టర్లలో అందరూ చెవులు కొరుక్కుంటున్నారనీ, తన కొడుకు నోరు లేనివాడు గనక సరిపోయిందనీ అంది. ఆ మాట నిజమే, నాన్న పేపరు వెనక నుంచి బయటికి రాలేదు. అమ్మ బొమ్మలన్నీ దగ్గరికి చేర్చి పొయ్యి వైపు లేచింది. మావయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు. తప్పు నీది కాదప్పా, ఈ కెమెరాకి దూరంగా ఉన్న మనుషులే కనపడతారు, దగ్గరివి ఆనవు, అచ్చం చత్వారం వచ్చినవాళ్ళ లాగే అని వివరించాడు.

"అయితే దానికీ కళ్ళజోడు ఎట్టండి," అంది నానమ్మ చుట్ట నోట్లోంచి తీయకుండానే.

మావయ్య ఆవిడ మెళ్ళోని కళ్ళజోడు దారం కేసి చూశాడు. తర్వాత లేచి వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని చెయ్యి చాపాడు. నానమ్మ రవికెని రెండు చేతులా పట్టుకుంది. బతిమాలగా బతిమాలగా, పగిలితే కొత్తవి చేయిస్తానని ఒట్టు వేశాక, ఇచ్చింది. మావయ్య కెమెరా వెనక మూత తీసి, అక్కడ పల్చటి నూనె కాగితం అంటించి, కళ్ళజోడులో ఒక అద్దాన్ని కెమెరా కన్నుకి ఆనించి, సైకిలు ట్యూబు ముక్కతో కట్టాడు. రెండో అద్దం పక్కకి వేలాడుతోంది. ముందు ఒక గంగపాయల కొమ్మ పెట్టి జరుపుతూ పోయాడు. సరిగ్గా మూరెడు దూరంలో కొమ్మ మీది ఆకులన్నీ ఆ కాగితం మీద తలకిందులుగా, స్పష్టంగా నిలబడ్డాయి. అమ్మ చూసింది, నేను చూశాను, నాన్న పేపరు మడిచి వచ్చి చూశాడు. నానమ్మ రానంది. కళ్ళజోడు లేకుండా తనకేం కనపడుతుందని.

కానీ కళ్ళజోడు కొండకి ఒంటరిగా వెళ్ళడానికి ఆవిడ ఒప్పుకోలేదు. "నా అద్దాలెక్కడికెల్తే నానూ అక్కడికే," అంది. అలా ఆ కార్తీకంలో మా ఇంట్లో వింత మొదలైంది. పొద్దెక్కాక ముందు అమ్మ కెమెరాతో, వెనక నానమ్మ తలకి తుండు చుట్టుకుని, కర్ర ఊతంతో, సొరబుర్రలో మంచినీళ్ళతో కొండ ఎక్కేవారు. గొడ్లు కాసే సొంబారి అనే కొండ మనిషి, అమ్మ ఈడుది, వాళ్ళని చూసి నవ్వు ఆపుకోలేక గడ్డిలో కూర్చుండిపోయేది. తర్వాత తర్వాత ఆవిడే నానమ్మ చెయ్యి పట్టి ఎక్కించేది. పుష్యమాసంలో ఇళ్ళ కప్పు నేయడానికి ఊరివాళ్ళు ఆ వాలు గడ్డి కోసుకునేవారు. మా వాళ్ళు కూర్చునే చోటు చుట్టూ మాత్రం సొంబారి తన ఇంటివాళ్ళతో చెప్పి కోయకుండా ఆపించింది. ఎందుకని అమ్మ అడిగితే, మీ పని అయ్యాక కోస్తాం, గడ్డి ఎక్కడికి పోతాదక్కా అంది.

మూరెడు దూరం అంటే మాటలు కాదు. అమ్మ మూరెడు చీపురుపుల్ల ఒకటి కెమెరాకి కట్టి, పుల్ల కొస రెక్క దగ్గరికి వచ్చేదాకా పాకేది. వచ్చేసరికి అది ఎగిరిపోయేది. అమ్మ లేచి వెంటపడేది. నానమ్మకి చేసే పనేమీ లేదు, ఎండలో కూర్చుని చుట్ట పీలుస్తూ చూసేది. దగ్గరివి కనపడవు గానీ దూరం చూపు ఆవిడకి బాగానే ఆనేది. ఒకరోజు పిలిచి చెప్పిందట, ఆ నల్లది ఎంత తరిమినా తిరిగొచ్చి ఆ చదును రాతి మీదే వాలుతోంది, దాని వెనక నువ్వు తిరగడం దేనికి, నువ్వే ముందెళ్ళి రాతి దగ్గర కూర్చోమని. ఆ మర్నాటి నుంచీ ఇద్దరూ రాతికి మూరెడు దూరంలో, భుజానికి భుజం ఆనించి కూర్చోవడం మొదలుపెట్టారు. రబ్బరు సాగిపోతుండడంతో నానమ్మే అద్దాన్ని కెమెరా ముందు వేళ్ళతో నొక్కి పట్టుకునేది.

ఆ ఆదివారం నేను వాళ్ళకి కాస్త వెనక గడ్డిలో పడుకుని ఉన్నాను. నిద్రపోయాననుకున్నారు. ఎండ బాగా ఉంది, రాయి ఖాళీగా ఉంది. నానమ్మ రాతికేసే చూస్తూ మాట్లాడింది.

"నాకూ ఇద్దరు పోనారు. మీ ఆయన కంటే ముందు. ఒకడు పురిట్లోనే, ఒక ఆడగుంట పాకే ఈడులో. ఎవులితోటీ అన్లేదు."

అమ్మ కెమెరా దించలేదు. "గుంటకి పేరెట్టేరా అత్తా?" అంది.

"సిట్టి అనీవోళ్ళం."

"నాను పేరెట్టనేదు. పేరెట్టే రోజు దాకా ఉంటే కదా."

"ఇప్పుడెట్టు. ఎవులొద్దన్నారు?"

అమ్మ ఒక పేరు చెప్పింది. ముందే అనుకుని దాచుకున్న పేరని ఆ చెప్పడంలోనే తెలిసింది. నానమ్మ ఆ పేరుని ఒకసారి పైకి అంది, పిల్లాణ్ణి పిలిచినట్టు. దాన్ని ఇక్కడ రాయను. అది వాళ్ళిద్దరిదీ. అప్పుడు అమ్మ ఏడ్చింది. పెద్దగా కాదు, భుజాలు మాత్రం ఆగలేదు. నానమ్మ ఓదార్చలేదు, చెయ్యి అద్దం మీది నుంచి తీయనూ లేదు. రెండో చేత్తో అమ్మ వీపు మీద కొంగు సరిచేసింది, అంతే. నల్లది వచ్చి రాతి మీద వాలింది ఆ ఏడుపు మధ్యలోనే. రెక్కలు పూర్తిగా పరిచింది. "తియ్యి," అంది నానమ్మ పెదాలు కదపకుండా. అమ్మ తీసింది.

మావయ్య ఆ బొమ్మని పెద్దది చేసి తెచ్చాడు. నలుపు తెలుపు. రాతి మీది నాచు, గరుకు, అన్నీ తెలుస్తున్నాయి. రెక్కల మీద చందమామలు ఎక్కడికక్కడే ఉన్నాయి. అమ్మ ఏడుస్తూనే తీయడం వల్ల ఒక అంచు కొద్దిగా అలుక్కుపోయింది, కుడివైపు కింద నానమ్మ బొటనవేలు నీడలా పడింది. మావయ్య దాన్ని ముందే విజయనగరంలో ఒక కాలేజీ మాస్టారికి చూపించి, సీసా సంగతంతా చెప్పి, పేరు రాయించుకుని వచ్చాడు. నేను ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాను. దాని ఆడది జిల్లేడుదాని వేషం వేసుకుంటుందని కూడా ఆయన చెప్పాడట, జిల్లేడు పాలు తాగి పెరిగినవి చేదని పిట్టలు వదిలేస్తాయి గనక. నానమ్మ అది విని, బతకాలి కదా పాపం అంది. తన కళ్ళజోడు పెట్టుకుని బొమ్మని మొదటిసారి దగ్గరగా చూసింది. ముందు తన వేలినే గుర్తుపట్టింది.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఒకరినొకరు తిట్టుకోకుండా ఉన్నారని కాదు. ఉప్పు దగ్గరా పప్పు దగ్గరా తగువులు మునుపటిలాగే సాగాయి. కానీ అమ్మ ఇప్పుడు ఎదురు చెప్పేది, నానమ్మ ఆ ఎదురుమాటల కోసమే గిల్లేది. నాన్నకి బదిలీ అయి మైదానానికి దిగిపోయేదాకా ప్రతి చలికాలం వాళ్ళు కొండెక్కారు. నానమ్మ చివరి రోజుల్లో నీళ్ళు పట్టించిందీ, తల దువ్విందీ అమ్మే. నన్ను కూడా సరిగా పోల్చుకోలేని దశలో ఆవిడ అమ్మని మాత్రం రాతి దగ్గరికి ఎప్పుడు వెళ్దామని అడిగేది.

ఇప్పటివాళ్ళకి ఇంత కష్టం లేదు. లేకపోవడం మంచిదే. ఆ అమ్మాయి ఫోనులో నేను చూసిన బొమ్మ మా బొమ్మ కంటే నూరు రెట్లు బాగుంది. రంగులు, మీసాలు, కంటి మీది చుక్కతో సహా ఉన్నాయి. ఒక్క పూటలో ఆమె చూసి పేర్లు చెప్పగలిగినన్ని మేము అన్నేళ్ళలో చూసి ఉండం. అసూయపడలేదు. కాకపోతే ఆమె ఒక్కతే వచ్చింది, ఒక్కతే కూర్చుంది. మా కాలంలో ఒక్క బొమ్మకి ఇంటిల్లిపాదీ కావలసి వచ్చేది. మనుషుల్ని అలా ఒక చోట కూర్చోబెట్టే పనులు నా చుట్టూ ఇప్పుడు తక్కువగా కనపడుతున్నాయి. ఇది నా వయసు నాచేత అనిపిస్తున్న మాట కూడా కావచ్చు.

విశాఖలో నా దగ్గరే ఉంటున్న అమ్మకి వనభోజనాల సంగతి రాత్రి భోజనం దగ్గర చెప్పాను. ఆ అమ్మాయి గురించి, ఫోను గురించి చెప్పాను. తలూపింది. సొంబారి వాళ్ళ ఇళ్ళు ఇప్పుడు స్లాబులయ్యాయన్నాను. దానికీ తలూపింది. చివరికి, "గడ్డుందా ఇంకా?" అని అడిగింది. అబద్ధం చెప్పాలనిపించలేదు. ఉందమ్మా, సగం ఉంది, మిగతా సగం చదును చేసి టూరిస్టులకి గుడారాలు వేశారు, కార్లు నిలిపే చోటు కట్టారు అన్నాను. ఏ పక్క పోయిందని అడిగింది. తూర్పు పక్క అన్నాను, రాయున్న వైపు. అమ్మ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. నా ముఖం చూసింది. నేను బాధపడుతున్నానని ఆవిడకి తెలిసిపోయి ఉండాలి.

"ఆ పక్క గాలెక్కువే," అంది. "ఎప్పుడోగానీ వాలేవి కావక్కడ. ఇవతలి పక్కే మంచిది."

అని, మజ్జిగ పొయ్యమని కంచం నా వైపు జరిపింది.